జానెడు నెయ్యని చీర

నలభై ఏళ్లు దాటాక నాకు మా అమ్మ మీద ఈర్ష్య పుట్టింది. అంతకుముందు ఆమె మీద కోపం వచ్చేది, జాలి కలిగేది, విసుగు పుట్టేది. ఈర్ష్య మాత్రం ఆ ఏడాదే. ఫిల్మ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డు, అందులో మా కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్. మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పేపర్ కప్పులో చాయ్ ఊదుకుంటూ ఏదో చెబుతోంది. చుట్టూ టైలర్లు, మేకప్ వాళ్లు, చివరికి మా డైరెక్టర్ కూడా ఫోన్ పక్కన పెట్టి వింటున్నాడు. నేను మెడలో టేపు వేసుకుని ఒక మూల నిలబడి ఉన్నాను. నా వైపు ఎవరూ చూడటం లేదు.

ఆ షెడ్డు దాకా నేనెట్లా వచ్చానో చెప్పాలి. మాది నల్లగొండ వైపు నేతపని చేసుకునే ఇల్లు. అమ్మ, నాన్న ఇద్దరూ మగ్గం మీద కూర్చునేవాళ్లు. నేను ఒక్కతే సంతానం. ఇంటర్ అయ్యాక కుట్టుపని నేర్చుకుని పట్నం వచ్చాను. కృష్ణానగర్‌లో ఒక కాస్ట్యూమర్ దగ్గర చేరి జూనియర్ ఆర్టిస్టుల బట్టలు ఇస్త్రీ చేశాను. ఫైట్లలో చిరిగిన చొక్కాలు మళ్లీ షాట్ మొదలయ్యేలోగా కుట్టి ఇచ్చాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా కొన్నాళ్లకు అడగడం మానేశారు. బోరబండలో రెండు గదుల కిరాయి ఇల్లు, పొద్దున్నే షేర్ ఆటో, సాయంత్రం మళ్లీ అదే ఆటో. సినిమా అయిపోయి జనం చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు తెర మీద అసిస్టెంట్ల గుంపులో నా పేరు పైకి జరిగిపోయేది. చాలా ఏళ్లు అట్లా గడిచాక, ఈ సినిమాకు మొదటిసారి కాస్ట్యూమ్స్ మొత్తం నా చేతికి వచ్చాయి.

అది నది అడుగున ఉండే ఒక దేశం కథ. డైరెక్టర్ కోస్తా వైపు మనిషి, నాకంటే చిన్నవాడు. మొదటి రోజే చెప్పాడు.

"మేడమ్, తళుకులు, చమ్కీలు ఏమీ వద్దండీ. ఆ దేశంలో వాళ్లే నేసుకుని వాళ్లే కట్టుకున్నట్టు ఉండాలి. చూసినవాడు ఆ బట్ట ముట్టుకోవాలనుకోవాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. నెల రోజుల పాటు బొమ్మలు వేశాను. పాచి రంగు, ఒండ్రు రంగు, చేప పొట్ట తెలుపు. ముత్యాలు ఏరేవాళ్లకు ఒక గళ్ల నేత, కోట కాపలావాళ్లకు ఒక చారల నేత, పసిపిల్లలకు గులకరాళ్లలాంటి చుక్కలు. డైరెక్టర్ ఆ బొమ్మలన్నీ తన గది గోడకు అంటించుకున్నాడు. ఎవరొచ్చినా చూపించి, "ఇదంతా మా మేడమ్ బుర్రండీ" అనేవాడు. ఆ మాట వినబడినప్పుడల్లా నేను ఏదో వెతుకుతున్నట్టు సంచిలోకి తల వంచేదాన్ని. నా మొహం ఎవరికీ కనబడకూడదని.

సరిగ్గా అప్పుడే అమ్మను తెచ్చుకున్నాను. అంతకుముందు వానాకాలంలో నాన్న పోయాడు. అమ్మ మగ్గం మీద మిగిలిన బట్ట నేసేసి, కోసి, మగ్గం విప్పి అటక మీద పెట్టించింది. ఒక్కతే ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందని నేనే వెళ్లి తీసుకొచ్చాను. బోరబండలో ఆమెకు పొద్దు పోలేదు. పక్క వాటాల వాళ్లందరూ పొద్దున్నే పనులకు పోయేవాళ్లే. వారం తిరగకముందే నా మీద పడింది.

"నన్ను గీ డబ్బాల పెట్టి మూతేసి పోతున్నవ్ బిడ్డా. మాట్లాడెటోళ్లు లేక నోరెండుతున్నది. రేపటి సంది నీ యెంబడే వస్త."

ఒక మూల కూర్చుని బొత్తాలు కుడుతుందిలే అనుకుని తీసుకుపోయాను.

మొదటి రోజు మధ్యాహ్నం డైరెక్టర్ కాపలావాళ్ల దుస్తులు చూడటానికి వచ్చాడు. మావాళ్లు వాటిని పొద్దున్నుంచి ఇస్త్రీ చేసి, మడత గీతలు కత్తిలా నిలబెట్టి హ్యాంగర్లకు వేశారు. అతను ఒక్కొక్కటీ చూస్తుంటే అమ్మ బొత్తాల డబ్బా పక్కన పెట్టి అడిగింది.

"సారూ, నీళ్ల కింద ఎండ ఉండది గద. మరి గాళ్లు బట్టలెట్ల ఆరేసుకుంటరు?"

అందరూ నవ్వారు. నేను "అమ్మా, ఊకో" అన్నాను. డైరెక్టర్ నవ్వలేదు.

"ఆరేసుకోరమ్మా. ఎప్పుడూ తడిగానే ఉంటారు కదా."

"ఆరేసుకోకుంటె మడతెట్ల పెడ్తరు? మడతనే లేకుంటె గా గీతలేంది?"

అతను హ్యాంగర్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "మేడమ్, ఆ మడతలు తీసేద్దామా? నీళ్లలో నాని నాని మెత్తబడినట్టు ఉంటే బాగుంటుందేమో" అన్నాడు. ఆ సాయంత్రం మావాళ్లు ఆ బట్టలన్నీ మళ్లీ బకెట్లలో ముంచారు.

మర్నాటి నుంచి షెడ్డులోకి రాగానే అతను మొదట అమ్మ దగ్గరికే పోయేవాడు. "ఏమ్మా, మన దేశంలో ఏంటి విశేషాలు?" అని అడిగేవాడు. అమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆ దేశంలో పిల్ల పుడితే ఏ బట్టలో చుడతారో, అత్తగారి మీద కోపమొచ్చిన కోడలు కొంగు ఏ భుజం మీద వేసుకుంటుందో, రాజు ముందుకు పోయేవాడు అంచును ఎందుకు లోపలికి దోపుకుంటాడో, అక్కడే పుట్టి పెరిగినట్టు చెప్పేది. చిన్నప్పుడు నాకు ఒక్క కథ చెప్పిన పాపాన పోలేదు. ఎప్పుడూ మగ్గం చప్పుడే. కథ చెప్పమని వెంటపడితే "పనున్నది, పో" అనేది. ఇన్ని కథలు ఎక్కడ దాచిందో నాకు అర్థం కాలేదు.

పది రోజుల్లో షెడ్డులోకి మగ్గం వచ్చింది. కొన్ని బట్టలు అమ్మే నేయాలని డైరెక్టర్ మా ఊరికి వ్యాను పంపి అటక మీది సామాను తెప్పించాడు. సిమెంటు నేలలో కాళ్లు పెట్టుకునే గుంట తవ్వడం కుదరదు కాబట్టి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వడ్రంగులు చెక్కల మీద ఎత్తుగా బిగించి ఇచ్చారు. కాళ్లు సరిగా ఆనడం లేదని అమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజు నుంచి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకు నేను కత్తిరిస్తున్న గుడ్డ వదిలేసి కాసేపు కూర్చుండిపోయాను. నాకు గుర్తున్నంతలో ఆ మగ్గం మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. చిన్నప్పుడు నాడె పట్టుకుంటే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చి, "పుస్తకం పట్టు పో" అనేది. నాడె అంటే అడ్డం పోగును అటూ ఇటూ మోసుకుపోయే చెక్క పనిముట్టు, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాన్ని ముట్టుకున్నందుకు నేను తిన్నన్ని దెబ్బలు పరీక్షలు తప్పినందుకు కూడా తినలేదు. మా అమ్మ తన కష్టం నాకు రాకూడదని అట్లా చేసిందని పెద్దయ్యాక అర్థం చేసుకున్నాను. తెలిసినవాళ్లందరికీ గర్వంగా అదే చెప్పుకున్నాను.

నాకు ఒక అసిస్టెంట్ ఉండేది. విజయవాడ పిల్ల. డిజైనింగ్ కోర్సు చదివి వచ్చింది. వెంగళరావు నగర్‌లో హాస్టల్లో ఉండేది. చురుకైనది, మాట మెత్తన. మగ్గం వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మగారూ, నేనొకసారి కూర్చోనా?"

నేను దూరం నుంచి వింటున్నాను. చేతి మీద దెబ్బ పడుతుందని ఎదురుచూశాను. అమ్మ పక్కకు జరిగింది.

"రా బిడ్డా. గట్ల గాదు, కాలు గిట్ల పెట్టు."

బిడ్డా. ఆ మాట నాదనుకున్నాను. మా ఊళ్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లందరినీ అట్లాగే పిలుస్తారని నాకు తెలియక కాదు. అయినా చేతిలోని టేపును గట్టిగా చుట్టి పక్కన పడేశాను. అమ్మ ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసి నాడె విసరడం నేర్పింది. పోగు తెగితే విసుక్కోకుండా ముడి వేసి చూపించింది. "అబ్బా, ఎంత ఓపికండీ అమ్మమ్మగారికి!" అని ఆ పిల్ల నాతోనే అంది. నేను బొత్తాల రంగు సరిగా లేదని ఆమెను జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరి దుకాణానికి పంపాను. నిజానికి రంగు బాగానే ఉంది. ఆమె గంటలో తిరిగొచ్చి నేరుగా మగ్గం దగ్గరికి పోయింది.

రాజమాత పాత్ర సంగతి ఆ తర్వాత వచ్చింది. కథ సగంలో ఆమె భర్త చనిపోతాడు. అక్కడి నుంచి ఆమె కట్టు మారాలి. నేను ఎముక తెలుపులో ఒక చీర వేసి చూపించాను. మంచి బొమ్మ అది, ఇప్పటికీ నా దగ్గర ఉంది.

డైరెక్టర్ చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది మేడమ్. కానీ తెలుపు అనగానే మన దేశమైపోతోంది."

అమ్మ మగ్గం మీద నుంచే, నేయడం ఆపకుండా అంది. "తెలుపెందుకు? గాడ గూడ గట్లనే ఉంటదా?"

"మరేం కడితే బాగుంటుందమ్మా?"

చప్పుడు ఆగింది. అమ్మ నాడె ఒళ్లో పెట్టుకుంది.

"అన్ని రంగులు కడ్తది. గని చీరల ఒక జానెడు నెయ్యరు. నిలువు పోగులుంటయ్, అడ్డం పోగులుండయి. చీర చీరనే ఉంటది. చెయ్యి పెడితె మాత్రం అవతలికి పోతది."  ఒంటి వేలితో మగ్గం మీది పోగులు మీటుతూ అంది. "తర్వాత ఏటా సూదితోని రెండు వేళ్లంత నింపుకోవచ్చు. నింపుకోవాల్నని లేదు. ఆమె ఇష్టం."

 విజయవాడ పిల్ల కళ్లు తుడుచుకుంది. డైరెక్టర్ లేచి వెళ్లి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

నేను బయటికి వచ్చి జనరేటర్ వ్యాను వెనక నిలబడ్డాను. నాన్న పోయిన రోజు నుంచి అమ్మ నా ముందు ఒక్కసారి ఏడవలేదు. ఫోన్ చేసి "ఎట్లున్నదమ్మా?" అంటే "ఎట్లుంటది, మంచిగనే ఉన్న" అనేది. ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటున్నాం, ఒక్క మాట చెప్పలేదు. ఇక్కడ చాయ్ కప్పులు పట్టుకుని నిలబడ్డ పరాయివాళ్లందరికీ చెప్పేసింది. నాకు ఆ బొమ్మ పోయినందుకు బాధ లేదు. ఆ జానెడు సంగతి మొదట నాకెందుకు చెప్పలేదన్నదే నా గొడవ. కూతుర్ని నేను. నాన్న పోతే నాకూ ఆ జానెడు ఖాళీయే కదా.

ఆ ఆదివారం ఎర్రగడ్డ మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చుకున్నాం. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. దారంతా దుమ్ము. ఇంటికొచ్చి ముందు గదిలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. ఇక ఆపుకోలేకపోయాను.

"గా పిల్లకు అన్నీ నేర్పుతున్నవ్."

"నేర్చుకుంటున్నది. తెలివైంది."

"నేను తెలివైనదాన్ని గానా? నేను ముట్టుకుంటె చేతి మీద కొడ్తుంటివి."

"చదువుకుంటివి గద."

"నా కోసమే కొట్టినవనుకున్న ఇన్నేండ్లు. నాకు కష్టం రావద్దని."

అమ్మ చిక్కుడుకాయను విరిచింది. ఈనె తీసింది. గింజలు గిన్నెలో వేసింది. అప్పుడు అంది.

"నీ కోసం గాదు."

నేను ఆమె మొహంలోకి చూశాను.

"నువ్వు బడికి పోవట్టిన కొత్తల. నేను పొయ్యి కాడున్న. నువ్వు ఎప్పుడు ఎక్కి కూసున్నవో, బెత్తెడు నేసినవ్. వచ్చి చూస్తె అంచు గీత గీసినట్టున్నది. నాకు గట్ల రానీకె ఏండ్లు పట్టింది. మీ నాయన చూసి, 'నీ కంటె మంచిగ నేసిందే' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, పాపం." గిన్నె ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది. "గా ఇంట్ల నాదన్నది ఏముండె? ఇల్లు మీ నాయనమ్మది, పొయ్యి ఆమెది, తాళంచెవులు ఆమెయి. మగ్గం మీద కూసున్నంత సేపే నన్ను ఎవ్వరు లేపకపోయేది. గదొక్కటి నాది. గా మగ్గం గూడ నీకియ్యాల్నా అనిపిచ్చింది."

"కుళ్లుకున్నవా?"

"కుళ్లుకున్న."

ఆ మాట ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. గొంతు మారలేదు.

"మరి గా పిల్లకెట్ల నేర్పుతున్నవ్?"

"గా పిల్ల చేతులు నీయసొంటియి గావు. గందుకే నేర్పుతున్న."

మిగిలిన కాయలన్నీ నేనే తీశాను. కోపం రావాల్సింది. అందరికీ చెప్పుకున్న త్యాగం కథ ఒక్క మాటతో పోయింది. రేపటి నుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? కానీ లోపల ఎక్కడో మెల్లగా సంతోషం కూడా మొదలైంది. మా అమ్మ భయపడేంత మంచి చేతులు నావి. ఆ రాత్రి చిక్కుడుకాయ కూర ఇద్దరం బాగా తిన్నాం.

రాజమాత చీర తయారైంది. పైనా కిందా పాచి రంగు, మధ్యలో ఒండ్రు చారలు, ఒకచోట జానెడు మేర ఒట్టి నిలువు పోగులు. అమ్మే నేసింది. విజయవాడ పిల్ల దారపు కండెలు చుట్టి అందించింది. షూటింగ్ రోజు ఫిల్మ్‌నగర్‌లోనే ఒక ఫ్లోర్‌లో సెట్. ఆ పాత్ర వేస్తున్న పెద్ద నటి వచ్చింది. అమ్మ స్వయంగా చీర కట్టింది. ఖాళీ జానెడు ఎద మీదికి వచ్చేట్టు పెట్టింది. ఆమె నిలబడి ఉన్నంతసేపు బాగానే ఉంది. రెండడుగులు వేయగానే పోగులన్నీ ఒకచోట చేరి తాడులా మెలితిరిగాయి.

అమ్మ వేళ్లతో దువ్వి సరిచేసింది. మళ్లీ నడవగానే మళ్లీ తాడే. గంజి పట్టిద్దామంది. తడి నేల మీద తీసే సీను, గంజి కరిగి అంటుకుంటుంది. కెమెరామన్ లైట్లు ఆర్పించాడు. డైరెక్టర్ అమ్మ వైపు చూస్తున్నాడు. అమ్మ చేతులు ఆగిపోయాయి. మగ్గం మీద ఉన్న బట్టను ఎట్లా బిగించాలో ఆమెకు తెలుసు. నడుస్తున్న మనిషి మీద ఎట్లా నిలపాలో తెలియదు. అది ఇరవై ఏళ్లుగా నా పని.

నేను లైట్‌మెన్ దగ్గరికి పోయి గుప్పెడు ఇనుప వాషర్లు అడిగి తెచ్చాను. చీర మొత్తం విప్పి, ఆ జానెడును ఎడమ భుజం వెనక్కి, వీపు మీదికి తిప్పాను. కొంగు కింది అంచు మడతలో వాషర్లు వరసగా పెట్టి గబగబా కుట్టాను. ఆ బరువుకు పోగులు కిందికి లాగబడి, మగ్గం మీద ఉన్నట్టే బిగుసుకున్నాయి. "ఒకసారి నడవండమ్మా" అన్నాను ఆ నటితో. ఆమె కెమెరాకు వీపు చూపిస్తూ మెట్లు ఎక్కింది. పక్క దీపాల వెలుతురు వీపుకూ పోగులకూ మధ్య దూరి, సందుల్లోంచి ఇవతలికి వచ్చింది. వీపులో కిటికీ తెరిచినట్టు కనబడింది.

"అబ్బ! మేడమ్!" అన్నాడు డైరెక్టర్.  అందరూ నా వైపు చూశారు. నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ పెదాలు లోపలికి మడుచుకుంది. ముక్కుపుటాలు కొంచెం అదిరాయి. ఆ మొహం నాకు కొత్త కాదు. అన్ని వారాల పాటు షెడ్డులోని ట్రయల్ అద్దంలో రోజూ చూసుకున్న మొహమే. అమ్మ దగ్గరికి వచ్చి నటి భుజం మీది బట్టను ఒక వేలితో సర్దినట్టు చేసింది.

"జర కిందికి దించినవ్. జానెడు కంటె తక్కువ కనవడుతున్నది," అంది.

"గంతేనమ్మా, సరిపోతది," అన్నాను.

ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. లంచ్‌లో అమ్మ పెరుగన్నం పక్కకు తోసేసి, వడియాలు బాగా లేవంది.

సినిమా ఓ మాదిరిగా ఆడింది. బట్టల గురించి మాత్రం చాలామంది మంచిగా రాశారు, మాట్లాడారు. మేం ముగ్గురం కలిసి చూశాం, నేను, అమ్మ, విజయవాడ పిల్ల. రాజమాత మెట్లెక్కే చోట హాల్లో చప్పుడు తగ్గింది. అమ్మ పక్క సీటు ఆవిడ మోచెయ్యి తట్టి, "గా చీర నేను నేసిన" అంది. ఆవిడ నమ్మలేదు. చివర్లో పేర్లు వచ్చాయి. నా పేరు తర్వాత 'నేత' అని వేసి దాని కింద అమ్మ పేరు వేశారు. అమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపు అది పైకి పోయింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది, "నీ పేరు అక్షరాలు నా కంటె పెద్దగ ఏసిండ్రేంది?" అని.

ఆ తర్వాత నాకు వరసగా సినిమాలు వచ్చాయి. మగ్గాన్ని మాత్రం మా రెండు గదుల్లో పట్టించలేకపోయాం. అప్పటికి విజయవాడ పిల్ల జూబ్లీహిల్స్‌లో చిన్న డిజైనింగ్ షాపు పెట్టుకుంది. మగ్గాన్ని తన దగ్గర ఉంచుతానంది. అమ్మ వెంటనే ఒప్పుకుంది. నన్ను అడగలేదు. వారంలో రెండు మూడు రోజులు అక్కడికి పోయి కూర్చుని వస్తుంది. నన్నొకసారి రమ్మంది, ఒక ఆదివారం పోయాను. అమ్మ మగ్గం మీద నుంచి లేచి, "కూసుంటవా?" అని అడిగింది. కూర్చున్నాను. నాలుగు పోగులు వేశానో లేదో, "చాలు తియ్, నా పని ఆగుతున్నది" అని లేపేసింది. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను కానీ ఇంటికొచ్చేదాకా కడుపులో మండుతూనే ఉంది.

అమ్మ అక్కడికి పోని రోజుల్లో ఆ పిల్ల ఫోన్ చేస్తుంది. ఫోన్ మోగగానే అమ్మ ఆ పిల్ల పేరు చూసి, కొంగు సర్దుకుని బయట మెట్ల మీదికి పోతుంది. అక్కడ కూర్చుని గంటసేపు మాట్లాడుతుంది. ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు. అడిగితే "ఏమున్నది, దారం సంగతి" అంటుంది. నేను లోపల టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంటాను.